ఉష్ణమండల తాళవృక్షాలు: చలి ప్రాంతాల్లో ఆరుబయట పెంపకం

తాటి, ఈత, కొబ్బరి, పోక, ఖర్జూరం, జీలుగు, పేము. చూడటానికి ఎంత వేరుగా ఉన్నా ఇవన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. వృక్షశాస్త్రంలో ఆ కుటుంబం పేరు అరికేసి. తెలుగులో వీటిని తాళవృక్షాలనీ, నర్సరీల వాడుకలో పామ్‌లనీ అంటారు. ప్రపంచంలో సుమారు 2,600 తాళజాతులు ఉన్నాయి. వాటిలో చాలా భాగం కర్కట, మకర రేఖల మధ్యనే పుట్టి పెరుగుతాయి. ఆ రేఖలు దాటి, శీతకాలం చల్లగా ఉండే ఊళ్లలో, గాజు ఇళ్ల అండ లేకుండా ఈ చెట్లను నేలలోనే పెంచే ప్రయత్నం శతాబ్దాలుగా సాగుతోంది. దాని చరిత్ర, అందుకు పనికొచ్చే జాతులు, పద్ధతులు, ఎదురయ్యే నష్టాలు ఈ వ్యాసంలోని అంశాలు.

నిర్వచనం, పరిధి

వాతావరణ శాస్త్రవేత్త కొప్పెన్ వర్గీకరణ ప్రకారం, ఏడాదిలో అతి చల్లని నెల సగటు ఉష్ణోగ్రత కూడా 18 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని ప్రాంతం ఉష్ణమండలం. ఈ లెక్కన విశాఖపట్నం, విజయవాడ ఉష్ణమండలంలోకి వస్తాయి. ఢిల్లీ రాదు. ‘చల్లని శీతకాలం’ అనే మాటకు అలాంటి ఖాయమైన కొలత లేదు. ఏటా కొన్ని రాత్రులైనా 5 డిగ్రీల కిందికి దిగుతూ, అప్పుడప్పుడు సున్నా కూడా దాటిపోయే చోట్లను ఇక్కడ ఆ పేరుతో పిలుస్తున్నాం. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో, హ్యూస్టన్, ఫ్రాన్స్‌లో నీస్, ఇంగ్లండ్ కొసన సిల్లీ దీవులు, మన దేశంలో గంగా మైదానం ఈ కోవకు చెందుతాయి.

తోటమాలులు ఎక్కువగా ఆధారపడే కొలమానం అమెరికా వ్యవసాయ శాఖ 1960లో తొలిసారి ప్రచురించిన చలి మండలాల పటం. ప్రతి ప్రాంతంలో ఏటా నమోదయ్యే అత్యల్ప ఉష్ణోగ్రతల సగటు తీసి దీన్ని గీస్తారు. 2023లో దీన్ని మళ్లీ సవరించారు. ఈ పటం చెప్పేది సగటు మాత్రమే. పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఒకసారి విరుచుకుపడే చలి దాని అంకెలో కనబడదు. తాళవృక్షాల పెంపకంలో చలికి జరిగిన పెద్ద నష్టాలు చాలావరకు అలాంటి ఒక్క రాత్రివే.

చెట్టు నిర్మాణం: మొవ్వు కీలకం

వేపచెట్టు కొమ్మ నరికితే పక్కనుంచి చిగురు వస్తుంది. కొబ్బరి మొవ్వు చెడితే చెట్టు మోడైపోతుంది. కోనసీమలో ఏ రైతుకైనా తెలిసిన ఈ సంగతే చలి ప్రాంతపు పెంపకానికంతటికీ మూలం. ఒంటి మాను తాళవృక్షానికి పెరుగుదల కేంద్రం ఒక్కటే ఉంటుంది. అది తలలో, ఆకుల అడుగు భాగాల మధ్య దాగిన మొవ్వు. కొత్త ఆకులన్నీ అక్కడే పుడతాయి. అది గడ్డకట్టి చస్తే మిగతా చెట్టంతా పచ్చగా ఉన్నా లాభం లేదు. పేముల్లా పిలకలు పెట్టే జాతులకు మాత్రం కొంత వెసులుబాటు ఉంటుంది. ఒక కాండం పోయినా పక్క కాండం నిలుస్తుంది.

రెండో బలహీనత మానులో ఉంది. మామిడి, టేకు వంటి చెట్లలో బెరడు కింద ఒక పలుచని పొర ఏటా కొత్త కలపను, కొత్త నీటి నాళాలను తయారుచేస్తుంది. తాళవృక్షాల్లో ఆ పొర లేదు. మాను నిండా చెదురుగా ఉండే నారపోగుల్లోని నాళాలే చెట్టు బతికినంత కాలం నీటిని మోయాలి. చలికి అవి దెబ్బతింటే వాటి స్థానంలో కొత్తవి రావు.

శీతకాలంలో నిద్రపోవడం కూడా వీటికి తెలియదు. ఆపిల్ చెట్టు ఆకులు రాల్చి, రసాన్ని వెనక్కి లాక్కుని చలిని కాచుకుంటుంది. తాళవృక్షం పచ్చి ఆకులతో అలాగే నిలబడి చలిని ఎదుర్కొంటుంది.

చలి దెబ్బతీసే తీరు

దెబ్బ రెండు రకాలు. మొదటిది సున్నాకు పైనే మొదలవుతుంది. కొబ్బరి వంటి పల్లపు ఉష్ణమండల జాతుల కణాల పొరలు 5 నుంచి 10 డిగ్రీల మధ్యే బిరుసెక్కి సరిగా పనిచేయడం మానేస్తాయి. ఒక్క రాత్రికి ఏమీ కనబడదు. వరుసగా పది రాత్రులు గడిస్తే ఆకుల మీద పసుపు, గోధుమ మచ్చలు తేలతాయి. రెండోది గడ్డకట్టడం. కణాల మధ్య ఖాళీల్లోని నీరు ముందు మంచుగా మారి, కణం లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. కణం ఎండిపోతుంది. పొర చిరిగితే ఆకు ముందు నీళ్లోడుతూ నల్లబడి, తర్వాత ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది.

చలి వచ్చే దారులు కూడా రెండే. ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి నేలలోని వేడి నేరుగా ఆకాశంలోకి వెళ్లిపోతుంది. చల్లని గాలి బరువెక్కి పల్లాల్లో చేరుతుంది. ఆకుల మీద తెల్లని గడ్డమంచు పేరుకుంటుంది. ఇలాంటి రాత్రి పెద్ద చెట్టు కింద ఉన్న మొక్కకూ, పది అడుగుల దూరంలో ఆరుబయట ఉన్న మొక్కకూ రెండు మూడు డిగ్రీల తేడా ఉండవచ్చు. రెండో దారి ధ్రువప్రాంతపు చలిగాలి ఈదురుగా దిగడం. అప్పుడు చెట్టు నీడ, మిట్టనేల ఏవీ పెద్దగా కాపాడలేవు. చలి పగలు కూడా కొనసాగుతుంది.

థర్మామీటరులోని అత్యల్ప అంకె ఒక్కటే చూడటం వల్ల పెంపకందారులు తరచూ మోసపోతారు. మైనస్ 3 డిగ్రీలు తెల్లవారుజామున గంటసేపు ఉండి, ఎండ రాగానే 15కు చేరితే చాలా జాతులు కోలుకుంటాయి. అదే మైనస్ 3 వానతో, గాలితో రెండు రోజులు నిలిస్తే అవే జాతులు చస్తాయి. మొవ్వులో నీరు నిలవడం మరీ ప్రమాదం. వేళ్ల సంగతి ఇంకొకటి. నేల 15 డిగ్రీల కంటే చల్లబడితే ఉష్ణమండల జాతుల వేళ్ల ఎదుగుదల బాగా మందగిస్తుంది. నేలలో తేమ ఉన్నా చెట్టు తగినంత తాగలేదు, పోషకాలు అందుకోలేదు.

వేసవి వేడి కూడా లెక్కలోకి రావాలి. లండన్ నడిబొడ్డున శీతకాలం ఉత్తర టెక్సాస్ అంత కఠినం కాదు. అయినా టెక్సాస్‌లో పెరిగే కొన్ని జాతులు లండన్‌లో నీరసిస్తాయి. వేసవిలో తగిన వేడి దొరక్క, శీతకాలంలో పోయిన ఆకుల స్థానంలో కొత్తవి పుట్టించుకోలేకపోవడమే అందుకు కారణం.

చరిత్ర

ధ్రువాల దగ్గర తాళవృక్షాలు పెరిగిన కాలం ఒకటి ఉంది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి ఇయోసీన్ యుగంలో భూమి ఇప్పటికన్నా చాలా వేడిగా ఉండేది. నేడు శీతకాలమంతా మంచు కప్పుకుని ఉండే అమెరికాలోని వయోమింగ్‌లో, గ్రీన్ రివర్ శిలల్లో, పూర్తి పామ్ ఆకుల అచ్చులు దొరికాయి. ఆర్కిటిక్ సముద్రగర్భపు మట్టిలోనూ తాళవృక్షాల పుప్పొడి బయటపడింది. ఈ కుటుంబం చలికి లొంగుతుంది కాబట్టే, ఒక చోట దాని శిలాజం కనబడితే అక్కడ ఒకప్పుడు శీతకాలం మెత్తగా ఉండేదని శాస్త్రవేత్తలు నిర్ధారిస్తారు.

మనిషి నాటిన చెట్ల విషయానికొస్తే ఐరోపాలో పాత ఆధారాలు మధ్యధరా తీరానివి. ఇటలీలోని బోర్డిగెరా పట్టణం 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉన్నా అక్కడ ఖర్జూరపు తోపులు శతాబ్దాల నుంచీ ఉన్నాయి. మట్టల ఆదివారానికి వాటికన్‌కు ఆకులు అక్కడి నుంచే వెళ్లే ఆచారం ఉంది. పాదువా వృక్షోద్యానంలో 1585లో నాటిన కామెరాప్స్ హ్యుమిలిస్ చెట్టును 1786లో జర్మన్ కవి గోథే చూశాడు. దాని ఆకులు వయసుతో రూపం మార్చుకునే తీరు, మొక్కల రూపాంతరంపై 1790లో ఆయన ప్రచురించిన గ్రంథానికి ప్రేరణల్లో ఒకటైంది. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

19వ శతాబ్దంలో ఈ అభిరుచి ఊపందుకుంది. లండన్‌లోని క్యూ ఉద్యానంలో 1844-48 మధ్య కట్టిన పామ్ హౌస్ ఇనుము, గాజుతో ఉష్ణమండలాన్ని ఇంట్లోకి తెచ్చింది. అదే సమయంలో గాజు బయట కూడా బతికే పామ్ ఒకటి ఐరోపాకు చేరింది. జపాన్ నుంచి సీబోల్డ్ 1830 ప్రాంతంలో లైడెన్‌కు పంపిన గింజలతో, చైనా నుంచి రాబర్ట్ ఫార్చ్యూన్ 1849లో పంపిన మొక్కలతో ట్రాకికార్పస్ ఫార్చ్యునై ఐరోపా తోటల్లోకి అడుగుపెట్టింది. ఫార్చ్యూన్ పంపిన మొక్కల్లో ఒకటి వైట్ దీవిలో విక్టోరియా రాణి నివాసమైన ఆస్బోర్న్ హౌస్‌కు చేరింది. సిల్లీ దీవుల్లోని ట్రెస్కోలో అగస్టస్ స్మిత్ 1834 తర్వాత వేసిన తోట, అట్లాంటిక్ వెచ్చని ప్రవాహాల పుణ్యమా అని, 50 డిగ్రీల అక్షాంశం దగ్గర దక్షిణార్ధగోళపు మొక్కలతో నిండింది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో కెనరీ దీవుల ఖర్జూరం వీధుల వెంట బారులు తీరింది.

అమెరికాలో పామ్ బీచ్ పేరు వెనక ఒక ఓడ ప్రమాదం ఉంది. 1878 జనవరిలో ‘ప్రొవిడెన్సియా’ అనే ఓడ సుమారు 20,000 కొబ్బరికాయలతో ఫ్లోరిడా తీరంలో ఒరిగింది. అక్కడ స్థిరపడినవాళ్లు ఆ కాయలను ఏరి నాటారు. ఫ్లోరిడా కొబ్బరి అక్కడితో మొదలవలేదు గానీ, ఆ ఊరి రూపాన్ని మార్చింది అదే. 1894-95 శీతకాలంలోని మహా చలి రాష్ట్రపు నారింజ తోటలను తుడిచిపెట్టింది. 1977 జనవరి 19న మయామీలో మంచు కురిసింది. ఫ్లోరిడాలో కొబ్బరి ఎంత ఉత్తరానికి వెళ్లగలదో తేల్చినవి ఇలాంటి రాత్రులే.

ఇలా చెదురుమదురుగా ఉన్న పెంపకందారులను కలిపింది 1956లో డెంట్ స్మిత్ స్థాపించిన పామ్ సొసైటీ. తర్వాత అది అంతర్జాతీయ సంఘంగా మారింది. దాని సభ్యులు గింజలు పంచుకోవడం, ఏ చలికి ఏ చెట్టు చచ్చిందో, ఏది నిలిచిందో రాసిపెట్టడం వల్లే నేటి అవగాహనలో పెద్ద భాగం పోగైంది.

జాతులు, తట్టుకునే శక్తి

కింద ఇచ్చిన ఉష్ణోగ్రతలు ఎదిగిన చెట్లకు, కొద్ది గంటల చలికి వర్తించే సుమారు అంకెలు. లేత మొక్కలు దీనికంటే ముందే దెబ్బతింటాయి.

పల్లపు ఉష్ణమండల జాతులు. కొబ్బరి, పోక, ఆయిల్ పామ్ ఈ వర్గంలోవి. గడ్డమంచు పడితే ఆకులు మాడిపోతాయి. గడ్డమంచు లేకున్నా దీర్ఘమైన చల్లదనం వీటిని క్షీణింపజేస్తుంది. రాయల్ పామ్ కాస్త నయం, మైనస్ 2 దాకా ఓర్చుకుంటుంది. మడగాస్కర్‌కు చెందిన వెండి రంగు బిస్మార్కియా ఉష్ణమండలపుదే అయినా మైనస్ 4 దాకా నిలవడం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఇందులో ఆకుపచ్చ రకం కంటే వెండి రకం గట్టిది.

ఉష్ణమండల పర్వత జాతులు. చలి ప్రాంతాల తోటమాలులకు అసలైన ఆసక్తి వీటి మీదే. అక్షాంశం ప్రకారం ఇవి భూమధ్యరేఖ పక్కనే పుడతాయి. కానీ ఎత్తు వల్ల ఏడాది పొడవునా చల్లదనంలోనే ఉంటాయి. కొలంబియా ఆండీస్ కొండల్లోని మైనపు పామ్, సెరాక్సిలాన్ క్విండియుయెన్సె, 60 మీటర్ల దాకా పెరుగుతుంది. తాళవృక్షాలన్నిటిలో ఇదే ఎత్తైనది. దాని మాను మీద తెల్లని మైనపు పూత ఉంటుంది. 1985లో కొలంబియా దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. ఈక్వెడార్ రాజధాని క్విటో వీధుల్లో పెంచే పారాజుబయా కొకాయిడిస్ చూడటానికి అచ్చం కొబ్బరిచెట్టే. కాయలు మాత్రం గోలీల కంటే కాస్త పెద్దవి. దాని బొలీవియా బంధువు పారాజుబయా టొరాలీ సముద్రమట్టానికి 3,000 మీటర్ల పైన కూడా పెరుగుతుంది. ఈ జాతులకు ఒక చిక్కుంది. చల్లదనంలో హాయిగా ఉండే మైనపు పామ్ మయామీ ఉక్కపోతలో చస్తుంది. రాత్రులు కూడా వేడిగా ఉండే చోటు వీటికి పనికిరాదు.

ఉపోష్ణ జాతులు. దక్షిణ అమెరికాకు చెందిన క్వీన్ పామ్ మైనస్ 5 వరకు, కెనరీ ఖర్జూరం, మెక్సికో వాషింగ్టోనియా రొబస్టా మైనస్ 7 ప్రాంతం వరకు, బ్యుటియా మైనస్ 10 వరకు తట్టుకుంటాయి. చిలీకి చెందిన జుబయా ఇంకా రెండు డిగ్రీలు ముందుకు పోతుంది. ఏనుగు కాలులాంటి లావు మాను దానిది. బహుశా ఈ వర్గంలో అంతటి గంభీరమైన చెట్టు మరొకటి లేదు. కానీ మాను కట్టడానికే దశాబ్దాలు పడుతుంది. నాటినవారి మనవలు చూసే చెట్టు.

చలి జాతులు. ట్రాకికార్పస్ ఫార్చ్యునై మైనస్ 15కు దగ్గరగా నిలుస్తుంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నీడిల్ పామ్ మైనస్ 20ని కూడా చూసి బతుకుతుంది. ఇవి ఉష్ణమండలపు రూపాన్ని ఇస్తాయి, కానీ ఉష్ణమండలపువి కావు. ఈ వర్గంలో భారతీయ జాతులూ ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లో పితోరాగఢ్ దగ్గర థల్కేదార్ కొండల్లో 2,000 మీటర్ల పైన, శీతకాలంలో మంచు కురిసే అడవుల్లో పెరిగే ట్రాకికార్పస్ టాకిల్‌ను ఇటలీ శాస్త్రవేత్త బెక్కారి 1905లో వర్ణించాడు. ఖాసీ కొండల్లో ట్రాకికార్పస్ మార్షియానస్, కాలింపాంగ్ ప్రాంతంలో ట్రాకికార్పస్ లాటిసెక్టస్ ఉన్నాయి. ఈ చివరిది శాస్త్రలోకానికి కొత్త జాతిగా తెలిసింది 1997లోనే.

ప్రకృతిలో ఈ కుటుంబపు దక్షిణ సరిహద్దు న్యూజిలాండ్‌కు చెందిన చాథమ్ దీవుల్లో, 44 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద పెరిగే నికావు పామ్. ఉత్తర సరిహద్దును గీసేది మధ్యధరా తీరపు కామెరాప్స్.

ప్రాంతాల వారీ అనుభవం

శాన్ ఫ్రాన్సిస్కోలో వేసవి మధ్యాహ్నాలు కూడా తరచూ 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి. నగరంలో నమోదైన అత్యల్పం 1932 డిసెంబరులోని మైనస్ 3 లోపు చలి. కొబ్బరికి అక్కడ చావు గడ్డమంచు వల్ల రాదు. వేడి చాలక వస్తుంది. ఆండీస్ పర్వత జాతులకు మాత్రం అది పుట్టింటి వాతావరణం. గోల్డెన్ గేట్ పార్కులోని వృక్షోద్యానంలో మైనపు పామ్‌లు మానులు కట్టాయి. అఖాతం అవతల ఓక్లండ్‌లో, మెరిట్ సరస్సు ఒడ్డున, పామ్ సంఘ సభ్యులు స్వచ్ఛందంగా పెంచిన తోట ఒకటుంది.

సిల్లీ దీవుల పాఠం వేరు. దశాబ్దాల పాటు చలి జోలికి రాకపోయేసరికి ట్రెస్కో తోట సున్నిత జాతులతో నిండిపోయింది. 1987 జనవరిలో మంచు కురిసి, ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి దిగి, తోటలో పెద్ద భాగం నాశనమైంది. మూడేళ్లకు, 1990లో, తుపాను గాలి ఆశ్రయంగా పెంచిన చెట్ల వరుసలను కూల్చింది. తోటను మళ్లీ కట్టుకొచ్చారు.

జపాన్‌లోని మియాజాకి దగ్గర అయోషిమా అనే చిన్న దీవి మీద లివిస్టోనా పామ్‌లు అడవిలా ఉన్నాయి. దాదాపు 32 డిగ్రీల అక్షాంశంలో వాటిని నిలబెడుతున్నది కురోషియో వెచ్చని సముద్ర ప్రవాహం. నల్లసముద్రపు ఒడ్డున పామ్‌లు పెరిగే సోచి, బతూమి పట్టణాలను కాకసస్ పర్వతాలు ఉత్తర గాలి నుంచి కాస్తాయి.

హ్యూస్టన్, డాలస్ అనుభవం తెలుగువారికి దగ్గరిది. ఆ రెండు నగరాల చుట్టూ వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. హ్యూస్టన్ వేసవి కోస్తాంధ్రను తలపిస్తుంది. మెత్తని శీతకాలాలు వరుసగా వచ్చిన కాలంలో ఇళ్ల ముందు క్వీన్ పామ్, వాషింగ్టోనియా విరివిగా నాటారు. 2021 ఫిబ్రవరిలో ధ్రువపు గాలి దిగింది. డాలస్ ప్రాంతంలో 16వ తేదీ ఉదయం మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. హ్యూస్టన్ మైనస్ 10 దరిదాపులకు పడిపోయింది. మొదటి వారంలో చెట్లు పచ్చగానే కనిపించాయి. ఆ తర్వాత ఆకులు గడ్డి రంగుకు తిరిగి, మాను చుట్టూ గొడుగు ముడిచినట్టు వేలాడాయి. మొవ్వాకును రెండు వేళ్లతో పట్టి మెల్లగా పైకి లాగితే, కుళ్లిన వాసనతో, అడుగున గోధుమ రంగు జిగురుతో, చేతిలోకి ఊడొచ్చేది. క్వీన్ పామ్‌లు చాలావరకు పోయాయి. టెక్సాస్ స్థానిక జాతి సబాల్ మెక్సికానా చాలాచోట్ల బతికింది.

మన గంగా మైదానంలో చలి లోతు తక్కువ, నిడివి ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు కమ్మి, పగలు కూడా ఎండ సోకని రోజులు వరుసగా వస్తాయి. అక్కడ ఈతచెట్టు పొలం గట్ల మీద దానంతటదే పెరుగుతుంది. కొబ్బరి మొక్క బతికినా నిండుగా కాయడం అరుదు.

పెంపక పద్ధతులు

చోటు ఎంపిక అన్నిటికంటే ముఖ్యం. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు చూసే ఇటుక గోడ పగలంతా ఎండను పీల్చి రాత్రి వదులుతుంది. చల్లగాలి చేరే పల్లం పనికిరాదు. వాలు మీద మధ్య భాగం మంచిది. చెరువు, సముద్రం దగ్గర ఉంటే మేలు. నీరు నిలవని నేల తప్పనిసరి. చలిలో తడి మట్టి వేళ్లను కుళ్లబెడుతుంది. బరువైన బంకమట్టిలో కట్ట పోసి నాటడం పరిపాటి.

నాటే కాలం వసంతం చివర, నేల వేడెక్కాక. మొక్క ఒక పూర్తి వేసవి వేళ్లు పాతుకుని మొదటి శీతకాలాన్ని చూడాలి. మొదటి మూడు నాలుగేళ్లు మొవ్వు నేలమట్టానికి దగ్గరగా, అంటే అతి చల్లని గాలిపొరలోనే ఉంటుంది కాబట్టి కాపు అవసరం. మాను ఎదిగిన కొద్దీ ఆ ప్రమాదం తగ్గుతుంది.

ఎరువుల్లో పొటాష్ లోపం రానీయకూడదు. అది లోపించిన చెట్టు చలికి త్వరగా లొంగుతుంది. వేసవి చివర నత్రజని ఎక్కువ వేస్తే లేత ఆకు పుట్టి చలికి బలవుతుంది.

చలి హెచ్చరిక వచ్చిన రోజు చేసే పనులు వేరు. పొడి నేలకు నీళ్లు పెడతారు, ఎందుకంటే తడి నేల ఎక్కువ వేడిని దాచుకుంటుంది. మొదలు చుట్టూ ఎండుటాకు, చెట్టు బెరడు తుక్కు మందంగా పరుస్తారు. ఆకులను పైకి కట్టగట్టి గోనెపట్టాతోనో, తోటపని దుప్పటితోనో చుడతారు. ప్లాస్టిక్ పట్టా ఆకుకు తగిలితే తగిలిన చోటల్లా మాడుతుంది. పైగా మర్నాడు ఎండలో లోపల ఉడుకెత్తుతుంది. అందుకే దాన్ని చట్రం మీద, ఆకుకు దూరంగా కప్పుతారు. వానలు పడే సముద్ర వాతావరణంలో మొవ్వు మీద చిన్న కప్పు వేసినా చాలు, సగం నష్టం తప్పుతుంది.

వేడినిచ్చే సాధనాల్లో పేరున్నది పండగలకు వేలాడదీసే పాతకాలపు తీగ బల్బుల దండ. మానుకు, మొవ్వుకు చుట్టి, పైన గుడ్డ కప్పితే లోపల కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఎల్ఈడీ దండలు ఈ పనికి రావు, వాటినుంచి వచ్చే వేడి బహు తక్కువ. అందువల్ల పెంపకందారులు పాత బల్బులను వెతికి మరీ దాచుకుంటారు. నీటి గొట్టాలు గడ్డకట్టకుండా చుట్టే విద్యుత్ వేడితీగలనూ, నిర్ణీత ఉష్ణోగ్రతకు దిగగానే వాటంతటవే వెలిగే ప్లగ్గులనూ కూడా వాడతారు. ఈ ఏర్పాట్లన్నిటికీ కరెంటు కావాలి. 2021లో టెక్సాస్‌లో అతి చల్లని రాత్రులే లక్షల ఇళ్లకు కరెంటు పోయింది.

చలి తర్వాతి చికిత్స



చెడిన ఆకులను వెంటనే నరకడం తరచూ జరిగే పొరపాటు. సగం మాడిన ఆకు కూడా మొవ్వుకు గుడ్డలా కాపు కాస్తుంది. మిగిలిన పచ్చ భాగం ఆహారం తయారుచేస్తుంది. చలి ప్రమాదం పూర్తిగా పోయాకే ఎండిన వాటిని తీయాలి. మొవ్వాకు ఊడొస్తే ఆ గుంటలో కుళ్లిన పదార్థాన్ని శుభ్రం చేసి, రాగి ఆధారిత శిలీంద్రనాశినిని పోస్తారు. కొబ్బరి మొవ్వుకుళ్లుకు మన రైతులు వాడే బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ ఆ కోవలోవే. చలికి చచ్చిన కణజాలం మీద బూజులు, బాక్టీరియా దాడిచేస్తాయి. మొవ్వు బతికి ఉన్నా వాటివల్ల చావవచ్చు. రాగి మందు పదేపదే పోస్తే అదే విషమవుతుంది.

ఆపైన చేయాల్సింది ఎదురుచూడటం. వేసవి నడిమి వరకు చెట్టును పీకకూడదు. కొన్ని నెలలకు మొవ్వులోంచి వంకర తిరిగిన, కురచైన ఆకు ఒకటి రావచ్చు. దాని వెనక వచ్చేవి క్రమంగా బాగుపడతాయి. ఇందుకు విరుద్ధంగా, వసంతంలో చక్కగా ఆకులేసిన చెట్టు తొలి ఎండలకు ఒక్కసారిగా కూలబడటం కూడా ఉంది. మానులోని నాళాలు చలికే దెబ్బతిని, నిండు ఆకుల దాహాన్ని తీర్చలేకపోవడం అందుకు కారణం.

చీడలు, పర్యావరణ సమస్యలు

కొబ్బరి రైతుకు పరిచయమైన ఎర్రముక్కు పురుగు దక్షిణ, ఆగ్నేయ ఆసియాది. దిగుమతి చేసుకున్న పామ్‌లతో పాటు అది మధ్యధరా తీరానికి చేరింది. 1990లలో స్పెయిన్‌లో కనబడి, 2006కల్లా ఫ్రాన్స్‌ను తాకింది. కెనరీ ఖర్జూరాలు దానికి మొదటి ఆహారమయ్యాయి. లోపల మొవ్వును తినేశాక గానీ పైకి తెలియదు. ఫ్రాన్స్, ఇటలీ తీరాల్లో నూరేళ్ల చెట్ల బారులు దీనికి బలయ్యాయి.

నాటిన జాతి అడవిలోకి పాకడం మరో సమస్య. స్విట్జర్లాండ్ దక్షిణాన టిచినో ప్రాంతంలో పక్షులు చల్లిన గింజలతో ట్రాకికార్పస్ ఫార్చ్యునై చెస్ట్‌నట్ అడవుల కింద గుంపులుగా మొలిచింది. ఆ జాతి అమ్మకాన్ని ఆ దేశం 2024 సెప్టెంబరు నుంచి నిషేధించింది. ఒక చెట్టు చలిని గెలవడం ఎప్పుడూ తోటమాలి విజయంగానే మిగలదని ఈ ఉదంతం వల్ల తోటల నిర్వాహకులు గుర్తించారు.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

తెలుగు నేల చాలావరకు తాళవృక్షాల సొంత వాతావరణం కాబట్టి ఈ పద్ధతుల అవసరం ఇక్కడ తక్కువ. గోదావరి ఒడ్డున కడియం నర్సరీల్లో ఫాక్స్‌టెయిల్, రాయల్, బిస్మార్కియా పామ్‌లు ఇతర రాష్ట్రాలకు వెళ్లడానికి లారీలకెక్కుతాయి. కోస్తా వేడిలో, తేమలో పెరిగిన మొక్క ఉత్తరాదికి చేరిన మొదటి శీతకాలమే దానికి గడ్డుకాలం. ఎండాకాలం మొదట్లో తరలిస్తే నిలదొక్కుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

అమెరికాలోని తెలుగువారిలో కరివేపాకును తొట్టిలో పెంచి శీతకాలానికి గరాజులోకి చేర్చే అలవాటు సాధారణం. కొబ్బరి మొక్కకూ అదే మార్గం, అది తొట్టికి మించి ఎదిగేదాకా. నేలలోనే పెంచాలనుకునేవారికి కొబ్బరి రూపం కోసం బ్యుటియాను, బ్యుటియాకూ క్వీన్ పామ్‌కూ పుట్టిన సంకరమైన మ్యూల్ పామ్‌ను ఎంచుకునే వీలుంది. మ్యూల్ పామ్ తల్లి బ్యుటియా నుంచి చలి ఓర్పును, తండ్రి క్వీన్ పామ్ నుంచి ఈకల్లాంటి ఆకులను తీసుకుంటుంది. సాధారణంగా దాని గింజ మొలవదు. మనిషి చేతి సంపర్కంతోనే ప్రతి మొక్కా పుట్టాలి కాబట్టి ధర ఎక్కువ.

తెలుగు రాష్ట్రాల్లో చలిని నిజంగా చూసే తాళవృక్షం జీలుగు. తూర్పు కనుమల్లో చింతపల్లి, పాడేరు ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనులు దాని గెలల నుంచి కల్లు తీస్తారు. ఆ కొండల్లోని లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగిన సందర్భాలున్నాయి. చేప తోకల్లాంటి ఆకులున్న ఈ చెట్టు జీవితాంతంలో పై నుంచి కిందికి ఒక్కో గెల వేసుకుంటూ వచ్చి, చివరి గెల పండాక ఎండిపోతుంది. దాని ప్రజాతిలోని హిమాలయ, థాయ్‌లాండ్ కొండ జాతులను శాన్ ఫ్రాన్సిస్కో తోటల్లో ఇప్పటికే పెంచుతున్నారు.